రైట్... రైట్... హోల్డాన్!

*కుడికి తిరిగే ట్రాక్టర్, నేరుగా పోయే బస్సు, ఎడమకు మళ్లే బైకు. ముగ్గురూ ఒకేసారి చౌరస్తాకు వస్తే ముందు దారి ఎవరిది? బాన్సువాడలో పదిమందిని అడిగితే పది తీర్పులు వినిపిస్తాయి. దుబాయిలో డ్రైవరుగా పనిచేసి వచ్చినవాళ్లు పదకొండోది చెబుతారు.*

యాసంగి కోతలు మొదలయ్యాయంటే బాన్సువాడ సాయంత్రాలకు వడ్ల పొట్టు రంగు వస్తుంది. నిజాంసాగర్ కాలువ కింద పండిన ధాన్యమంతా మిల్లులకూ, కొనుగోలు కేంద్రాలకూ ఈ ఊరి మీదుగానే కదులుతుంది. అంబేద్కర్ చౌరస్తా దగ్గర చాయ్ గ్లాసు పట్టుకుని పావుగంట నిలబడితే చాలు, గ్లాసు అంచుకు సన్నటి పొట్టు అంటుకుంటుంది.

అలాంటి ఒక సాయంత్రం. నిండుగా బస్తాలు వేసుకున్న ట్రాక్టర్ ఒకటి చౌరస్తా నడుమకు వచ్చి కుడికి తిరగడానికి ఆగింది. ట్రాలీకి ఇండికేటర్ లేదు. డ్రైవర్ కుడిచెయ్యి బయటికి చాచాడు. ఎదురుగా ఆర్టీసీ బస్సు, కిక్కిరిసిన జనంతో నేరుగా వెళ్లాల్సింది. బస్సు డ్రైవర్ ఏమనుకున్నాడో, కాస్త నెమ్మదించి రెండుసార్లు డిప్పర్ కొట్టాడు. 'నువ్వు పో' అన్నాడనుకుని ట్రాక్టర్ డ్రైవర్ స్టీరింగ్ తిప్పాడు. సరిగ్గా అప్పుడే బస్సు ఎడమ పక్క సందులోంచి ఒక బైకు దూసుకొచ్చి, ట్రాక్టర్ తిరుగుతున్న రోడ్డులోకే ఎడమకు మళ్లింది. నడుపుతున్నది పాతికేళ్ల కుర్రాడు, వెనక వాళ్లమ్మ. ఆమె ఒళ్లో కూరగాయల సంచి.

బ్రేకుల చప్పుడు. ట్రాలీ చక్రానికి జానెడు దూరంలో బైకు ఒరిగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. టమాటాలు మాత్రం రోడ్డంతా దొర్లాయి. ఆ తల్లి లేచి కొడుకు మోచేతులు తడిమి చూసుకుంది. తర్వాతే టమాటాల వంక చూసింది.

ఆ వెంటనే పంచాయితీ మొదలైంది.

"నేను ఫ్రీ లెఫ్టే కదనే తీసుకున్న!"

"చెయ్యి సూపెట్టిన గద, కనవడలేదా?"

"పెద్ద బండి వస్తుంటే చిన్న బండే ఆగాలె కాకా, ఇదేం లెక్క?"

ఎవరో టమాటాలు ఏరి సంచిలో వేశారు. ట్రాక్టర్ వెళ్లిపోయింది. బైకూ వెళ్లిపోయింది. తప్పెవరిదన్న ప్రశ్న మాత్రం చాయ్ హోటల్ ముందు ఇంకో అరగంట నిలబడింది. నా వెంట ఇంటికీ వచ్చింది.

ఊరు పెరిగింది, మలుపు పెరగలేదు

బాన్సువాడ నిన్నమొన్నటిదాకా నిజామాబాద్ జిల్లాలో ఒక పెద్ద మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడ్డాక అందులో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది, ఆ తర్వాత మున్సిపాలిటీ అయింది. రుద్రూర్, బోధన్ మీదుగా నిజామాబాద్ పోయే దారీ, ఎల్లారెడ్డి వైపూ బిచ్కుంద వైపూ బీర్కూర్ వైపూ పోయే దారులూ ఇక్కడే కలుస్తాయి. హైదరాబాద్ నుంచి నర్సాపూర్, మెదక్ మీదుగా వచ్చే 765డి జాతీయ రహదారి కూడా ఇటే. ఆర్టీసీ డిపో ఉంది. చుట్టుపక్కల పల్లెలకు ఆసుపత్రి అన్నా, కాలేజీ అన్నా, పెళ్లి బట్టలన్నా ఈ ఊరే.

ఎడ్లబండ్లూ సైకిళ్లూ రాజ్యమేలిన రోజుల్లో చౌరస్తాకు నియమాలు పెద్దగా అవసరం పడలేదు. ఒకరి మొహం ఒకరికి తెలుసు. "జరుగవయ్యా" అంటే జరిగేవాడు. ఇప్పుడు అదే జాగాలో వరికోత మిషన్, ఇసుక లారీ, స్కూలు ఆటో, కొత్తగా కొన్న కారు, ముగ్గురెక్కిన బైకు అన్నీ ఒకేసారి మళ్లుతున్నాయి. అద్దాలు ఎక్కించుకున్న కారులోపలికి "జరుగవయ్యా" వినపడదు. మొహాలు కనపడనిచోట మనుషుల మధ్య మాట్లాడాల్సింది గుర్తులూ, గీతలూ, ఒక ఉమ్మడి అవగాహనా. గీతలు వేయడం ఒక రాత్రి పని. ఆ ఉమ్మడి అవగాహన రావడమే కష్టం. అందుకే ఈ ప్రశ్న బాన్సువాడదే కాదు, పల్లె పట్నంగా మారుతున్న ప్రతి ఊరిదీ.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. చనిపోయిన ప్రతి వందమందిలో 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. ఆ బైకు మీది తల్లీకొడుకుల లాంటివాళ్లు.

చట్టం 'ఇవ్వు' అంటుంది

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. దాని కింద 1989లో రోడ్డు నియమాలు చేశారు. దాదాపు 28 ఏళ్లు దేశమంతా నడిచింది వాటి మీదే. వాటి స్థానంలో 2017 జూన్‌లో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. పాత నియమాల్లో కూడలిలో ఎవరికి దారివ్వాలన్నదాని గురించి ఉన్నది రెండు ముక్కలే. మీరు ప్రవేశిస్తున్నది ప్రధాన రహదారిగా ప్రకటించిన రోడ్డయితే, దాని మీద వస్తున్న వాహనాలకు దారివ్వండి. కాకపోతే మీ కుడిచేతి వైపు నుంచి వచ్చేవాళ్లకు దారివ్వండి.

ఆ వాక్యాల్లో ఎక్కడా 'ఫలానావాడు ముందు పోవచ్చు' అని లేదు. ఫలానావాడికి 'దారి ఇవ్వాలి' అని ఉంది. పేరుకు అది 'రైట్ ఆఫ్ వే'. లోపలున్నదంతా బాధ్యత. మనం పైనున్న పేరు చదివి 'నా రైట్' అనుకున్నాం.

కుడివైపే ఎందుకు? మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి, కూడలిలోకి అడుగుపెట్టగానే ముందుగా మన మీదికి వచ్చేది కుడినుంచి వచ్చే బండే. బ్రిటన్‌లో 1966 నవంబరులో రౌండ్ల దగ్గర ఇదే సూత్రం పెట్టారు. రౌండు చుట్టూ ఇప్పటికే తిరుగుతున్న బండికి ముందు దారి, కొత్తగా చేరేవాడు ఆగాలి. అంతకుముందు లోపలికి దూరేవాళ్లు దూరుతూ ఉంటే రౌండు బిగుసుకుపోయేది. మన ఊళ్లలో విగ్రహాల చుట్టూ కట్టిన రౌండ్ల దగ్గర ఇవాళ్టికీ జరుగుతున్నది ఆ పాత కథే.

మరి ఎదురెదురుగా వచ్చి ఒకే రోడ్డులోకి దూరే బండ్ల సంగతి? ఒకడు కుడికి, ఒకడు ఎడమకు. మన ట్రాక్టరూ బైకూ అలాంటివే. పాత నియమంలోని 'కుడివైపు నుంచి వచ్చేవాడు' అన్న మాట ఇక్కడ సరిగ్గా అతకదు. ఎదురుగా వచ్చి తిరిగేవాడు కుడివాడా, ఎదుటివాడా? తగాదా పుట్టేది ఈ సందులోనే. అనుభవజ్ఞులైన డ్రైవర్లు అనుసరించే పద్ధతి ఒకటుంది. ఎదుటివాడి దారిని అడ్డంగా కోసుకుంటూ వెళ్లేవాడు ఆగాలి. కుడికి తిరిగేవాడు నేరుగా వచ్చేవాళ్ల దారిని కోస్తాడు, ఎడమకు తిరిగేవాడు కొయ్యడు. కాబట్టి ఏ బోర్డూ ఏ సిగ్నలూ లేనిచోట ట్రాక్టర్ బస్సు కోసం ఆగాలి, బైకు కోసం కూడా ఆగాలి. బస్సు డ్రైవర్ మంచి మనసుతో దారిచ్చాడు, నిజమే. తన బస్సు తరఫున ఇచ్చాడు. బస్సు చాటున వస్తున్న బైకు తరఫున ఇచ్చే అధికారం ఆయనకు లేదు.

అయితే కుర్రాడి తప్పు లేదనలేం. నెమ్మదించిన బస్సు ఎందుకు నెమ్మదించిందో చూడకుండా ఎడమ సందులోంచి దూసుకురావడం తప్పే. బస్సు ముందు ట్రాక్టర్ ఉండొచ్చు, పలకాబలపం పట్టుకున్న పిల్ల కూడా ఉండొచ్చు.

> డిప్పర్ కొడితే అర్థమేంటి?
> హెడ్‌లైట్ రెండుసార్లు కొట్టడానికి బ్రిటన్‌లోనో అమెరికాలోనో జనం వాడుకలో ఎక్కువసార్లు 'నువ్వు వెళ్లు' అని అర్థం. మన హైవేల మీద ఎక్కువమంది దృష్టిలో 'నేను వస్తున్నా, ఆగు' అని. ఇంకొందరికి 'థాంక్స్'. ఒకే వెలుగు, అర్థాలు ఎదురెదురు.
> చేతి సైగలు మాత్రం 1989 నియమాల్లో స్పష్టంగా ఉండేవి. కుడికి తిరగాలంటే కుడిచెయ్యి అడ్డంగా బయటికి చాచి అరచెయ్యి ముందుకు చూపాలి. ఎడమకు తిరగాలన్నా కుడిచెయ్యే, గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిప్పాలి. ఆ ట్రాక్టర్ డ్రైవర్‌కు తెలిసినంతగా ఇవి ఇవాళ్టి కారు డ్రైవర్లకు తెలియవు.

'ఫ్రీ' అన్న మాట చేసిన పని

హైదరాబాద్ నుంచి మన ఊళ్లకు వచ్చిన మాటల్లో 'ఫ్రీ లెఫ్ట్' ఒకటి. సిగ్నల్ ఎర్రగా ఉన్నా ఎడమకు తిరిగేవాళ్లు ఆగనక్కర్లేదని బోర్డు ఉన్నచోట ఇచ్చిన వెసులుబాటు అది. పెద్ద కూడళ్లలో దానికోసం ఒక ముక్క రోడ్డునే విడిగా తీస్తారు. అందరితోపాటు ఎడమకు మళ్లేవాళ్లు కూడా సిగ్నల్ దగ్గర బారులు తీరకుండా ఉండటానికి.

2022 అక్టోబరు 3న హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 'ఆపరేషన్ రోప్' మొదలుపెట్టారు. స్టాప్ లైన్ దాటి నిలబడితే 100 రూపాయలు, ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డంగా నిలబడితే 1000 రూపాయలు జరిమానా అన్నారు. నేరుగా వెళ్లాల్సినవాళ్లు ఎడమ దారిని మూసేయడం నగరంలో నిజంగానే పెద్ద సమస్య. జరిమానా వేయడం సబబే. దాంతోపాటు జనం మనసులో ఇంకోటి కూడా నాటుకుంది. ఫ్రీ లెఫ్ట్ నా హక్కు, దానికి అడ్డొచ్చినవాడు దోషి. బండి అడ్డొస్తే సరే, మనిషి అడ్డొస్తే? ఎడమ మూల దగ్గరే కదా నడిచేవాళ్లు రోడ్డు దాటేది! సిగ్నల్ ఎర్రగా ఉంది కదా అని ధైర్యంగా కాలు ముందుకేసిన ముసలమ్మకు, ఎర్ర సిగ్నల్‌లోనూ ఆగని బండ్ల వరస ఎదురవుతుంది. అన్ని వైపులా ఎర్రగా ఉన్నా ఆమెకు మాత్రం పచ్చ లేదు.

ఎడమకు తిరగడానికి ఉన్నది అనుమతి. ఆ అనుమతితో వెళ్లేవాడు ముందు నడిచేవాళ్లకు ఆగాలి. తర్వాత తను చేరబోయే రోడ్డు మీద కుడినుంచి వచ్చేవాళ్లకు ఆగాలి. బోర్డు మీద 'ఫ్రీ లెఫ్ట్' అన్న రెండు మాటలు రాసినప్పుడు దాని కింద 'దారిచ్చి వెళ్లండి' అని తెలుగులో ఇంకో రెండు మాటలు రాసి ఉంటే ఎన్ని మోకాళ్లు బాగుండేవో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

కుడి మలుపు వరసలో రెండు పచ్చలు

ఎడమ కన్నా కుడి మలుపు గట్టి పరీక్ష. ఎడమకు తిరిగేవాడు ఒక ప్రవాహంలో కలుస్తాడు, అంతే. కుడికి తిరిగేవాడు ఎదురుగా వచ్చే ప్రవాహాన్ని చీల్చుకుని అవతలి ప్రవాహంలో కలవాలి. అందుకే పెద్ద కూడళ్లలో కుడికి తిరిగేవాళ్లకు రోడ్డు నడుమ పక్కగా ఒక ప్రత్యేక వరస ఇస్తారు. తారు మీద తెల్లటి కుడి బాణం గీస్తారు. ఆ బాణం చెప్పేది 'కుడికి పోయేవాళ్లు ఇక్కడ నిలబడండి' అని. 'మీకే ముందు దారి' అని దానర్థం కాదు. వరస ప్రత్యేకమైనంత మాత్రాన దారి ప్రత్యేకం కాదు.

ఆ తర్వాత సిగ్నల్. పచ్చ లైటు గుండ్రంగా వెలిగిందా, బాణంలా వెలిగిందా అన్నది చూడాలి. కుడి బాణం పచ్చగా వెలిగితే ఎదుటివాళ్లకు ఎరుపు పడిందన్నమాట, కుడికి తిరిగేవాడు వెళ్లొచ్చు. గుండ్రటి పచ్చ అయితే ఎదుటివాళ్లకు కూడా పచ్చే ఉండొచ్చు. అప్పుడు చౌరస్తా నడుమదాకా వచ్చి, నేరుగా వచ్చేవాళ్లంతా పోయాక సందు చూసుకుని తిరగాలి. ఈ తేడా తెలియక గుండ్రటి పచ్చ పడగానే ఎదుటివాడికన్నా ముందే గిరుక్కున తిరిగేయడం మన నగరాల్లో మామూలైపోయింది. రేసు గెలిచినట్టు ఉంటుంది. ఏదో ఒకరోజు ఎదుటివాడు కూడా అదే రేసులో ఉంటాడు.

> 32, 9, 8
> నాలుగు రోడ్లు కలిసే మామూలు చౌరస్తాలో బండ్ల దారులు ఒకదానికొకటి తగిలే చోట్లు 32 అని రోడ్డు ఇంజనీర్లు లెక్కగడతారు. మూడు రోడ్ల కూడలిలో 9. నాలుగు రోడ్లకు సరైన రౌండు కట్టి, దాని నియమం పాటిస్తే 8. రౌండులో ఎవరూ ఎవరికీ అడ్డంగా కోసుకుపోరు, అందరూ ఒకే వైపు తిరుగుతారు. అందుకే తగిలినా చిన్న దెబ్బలతో పోతుంది.

దుబాయి కళ్లు, బాన్సువాడ రోడ్డు

నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో గల్ఫ్ పోని ఇల్లు వెతకాలంటే కష్టం. వెళ్లినవాళ్లలో డ్రైవర్లు చాలామంది. అక్కడ బండ్లు రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి. అంటే మన ఫ్రీ లెఫ్ట్ లాంటిది అక్కడ కుడి మలుపు. దుబాయిలో, అబుదాబిలో చాలా పెద్ద కూడళ్లలో కుడికి తిరిగేవాళ్లకు విడిగా వంపు తిరిగిన దారి ఉంటుంది. ఆ దారి చివర నేల మీద తెల్లటి త్రికోణాలు, పక్కన తలకిందుల త్రికోణం బోర్డు, చాలాచోట్ల నడుమ ఒక జీబ్రా. సిగ్నల్‌తో పని లేకుండా వెళ్లొచ్చు, కానీ ఆ త్రికోణం దగ్గర మెయిన్ రోడ్డు మీదివాళ్లకు దారివ్వాలి, జీబ్రా మీద మనిషి ఉంటే ఆగాలి.

ఆగకపోతే? జీబ్రా మీద నడిచేవాళ్లకు దారివ్వకపోతే 500 దిర్హాములు, ఆరు బ్లాక్ పాయింట్లు. ఎర్ర సిగ్నల్ దాటితే 1000 దిర్హాములు, 12 పాయింట్లు, బండి 30 రోజులు జప్తు. నెల జీతంలో సగం ఇంటికి పంపే డ్రైవర్‌కు 500 దిర్హాములంటే బిడ్డ స్కూలు ఫీజు. పాయింట్లు నిండి లైసెన్సు పోతే నౌకరీయే పోతుంది. అందుకే అక్కడ మనవాళ్లు ఆ త్రికోణాన్ని పెద్దలను గౌరవించినట్టు గౌరవిస్తారు.

రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వచ్చినప్పుడు అదే మనిషి తమ్ముడి బైకు తీసుకుని బాన్సువాడ వస్తాడు. ఇక్కడ రెండు ఇబ్బందులు. మొదటిది కళ్లది. అక్కడ రోడ్డెక్కే ముందు మొదట ఎడమకు చూడాలి, ఎందుకంటే బండి అటునుంచి వస్తుంది. ఇక్కడ మొదట కుడికి చూడాలి. ఏళ్ల తరబడి ఎడమకు అలవాటుపడ్డ మెడ తిరిగి కుడికి అలవాటు పడటానికి కొన్ని రోజులు పడుతుంది. పండక్కి వచ్చిన మొదటి వారం అందుకే ప్రమాదకరం. బంధువులు ఈ మాట ఒక్కసారి గుర్తుచేస్తే చాలు: "అన్నా, ఈడ ముందు కుడికి సూడు."

రెండోది మనసుది. అతను జీబ్రా దగ్గర ఆగుతాడు. వెనకబండివాడు హారన్ మోత మోగిస్తాడు. ఆగినందుకు తిట్లు తింటాడు. వారం తిరిగేసరికి అతనూ ఆగడం మానేస్తాడు. అదే మనిషి, అదే చెయ్యి, అదే బ్రేకు. అక్కడ ఆగిన పాదం ఇక్కడ ఆగకపోవడానికి మన రక్తంలో లోపం ఏదో ఉందనే మాటను నేను ఒప్పుకోను. అక్కడ గీత ఉంది, గీత దాటితే అడిగేవాడు ఉన్నాడు, అందరూ ఆగుతున్నారన్న నమ్మకం ఉంది. ఆ మూడూ ఇక్కడ కూడా కల్పించగలిగినవే.

> తలకిందుల త్రికోణం కథ
> అమెరికాలో 'దారివ్వు' బోర్డు మొదట వచ్చింది టల్సాలో. అక్కడి పోలీసు అధికారి క్లింటన్ రిగ్స్ ఆలోచన అది. తరచూ ప్రమాదాలు జరిగే ఒక కూడలిలో 1950లో మొదటి బోర్డు పెట్టారు. పూర్తిగా ఆగనక్కర్లేదు, ఎవరైనా వస్తుంటే మాత్రం వాళ్లను ముందు పోనివ్వాలన్నదే దాని సారం.
> మన రోడ్డు బోర్డుల్లో ఈ తలకిందుల త్రికోణానికీ, ఎనిమిది మూలల 'స్టాప్'కూ మాత్రమే విడి ఆకారాలు ఇచ్చారు. దుమ్ము కొట్టుకుపోయినా, వెనక నుంచి చూసినా ఆకారాన్ని బట్టే గుర్తుపట్టాలని.

అమెరికాలో మన పిల్లలకూ ఈ గందరగోళం తప్పడం లేదు. ఎర్ర లైటు ఉన్నా పూర్తిగా ఆగి, దారిచ్చి, కుడికి తిరగడం అక్కడ చాలాచోట్ల చెల్లుతుంది. 1970ల చమురు సంక్షోభంలో ఆగిన బండ్లు తాగే పెట్రోలు మిగుల్చుకుందామని, 1975 ఇంధన చట్టం ద్వారా రాష్ట్రాలను అటు నెట్టారు. చివరగా 1980లో మసాచుసెట్స్ ఒప్పుకుంది. అయితే న్యూయార్క్ నగరంలో బోర్డు ఉంటే తప్ప అలా తిరగకూడదు. డల్లాస్‌లో కారు నేర్చుకున్నవాడు న్యూయార్క్ వెళ్లి అదే అలవాటున తిరిగితే చలానా ఖాయం. పైగా కొన్ని కుడి మలుపు దారులకు అవతల తమదంటూ సొంత వరస ఉంటుంది, అక్కడ ఆగక్కర్లేదు. కొన్నిటికి ఉండదు, అక్కడ దారివ్వాలి. ఆగక్కర్లేనిచోట భయంతో ఆగితే వెనకవాడు వచ్చి గుద్దుతాడు. బోర్డు చూడకుండా అలవాటు మీద నడిపితే ఏ దేశంలోనైనా ఇదే ఇబ్బంది.

తప్పెవరిదో తేల్చేది చాయ్ హోటల్ కాదు

ఆ సాయంత్రం టమాటాలతో పోయింది. పోకపోతే ఏమయ్యేది? కేసు మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కు వెళ్తుంది. అక్కడ 'ముందు దారి ఎవరిది' అన్న ప్రశ్న రూపాయల్లోకి మారుతుంది. ప్రమాదంలో బాధితుడి వైపు నుంచీ కొంత నిర్లక్ష్యం ఉందని తేలితే, ఎంత శాతం ఉందో లెక్కగట్టి అంతమేరకు పరిహారం తగ్గిస్తారు. పది లక్షలు రావాల్సినచోట మూడో వంతు తప్పు మనదే అంటే మూడు లక్షల పైచిలుకు పోయినట్టే. ఇల్లు నడిపే మనిషి మంచాన పడ్డ కుటుంబానికి ఆ మూడు లక్షలంటే ఏమిటో విడిగా చెప్పనవసరం లేదు. పంచనామా గీసేటప్పుడు రోడ్డు మీద గీత లేదు, బోర్డు లేదు. సాక్షి ఏమో 'చిన్న బండే ఆగాలె' అని నమ్మే మనిషి. ఆ నమ్మకం చట్టంలో ఎక్కడా లేదు. బండి సైజును బట్టి దారి ఇమ్మని ఏ నియమమూ చెప్పదు. అంబులెన్సుకూ ఫైరింజనుకూ తప్ప. వాటికి దారివ్వకపోతే 2019 సవరణ చట్టం ప్రకారం జరిమానా 10,000 రూపాయలు.

లైసెన్సు ఇచ్చేటప్పుడైనా ఇవన్నీ అడుగుతారా? లెర్నర్ పరీక్షలో నూటికి అరవై వస్తే పాస్. మిగతా నలభైలో 'ఎవరికి దారివ్వాలి' అన్న ప్రశ్నలన్నీ పోయినా లైసెన్సు చేతికొస్తుంది. డ్రైవింగ్ టెస్టులో ఎనిమిది అంకె తిప్పించి చూస్తారు. అక్కడ ఒక్క బండే ఉంటుంది, ఎదురుగా ఎవరూ రారు. దారివ్వడం నేర్పాలంటే ఎదురుగా ఇంకొకరు ఉండాలి కదా. నేను లైసెన్సు తీసుకున్న రోజు కూడా అంతే. గేరు మార్చడం వచ్చా అన్నారు, వచ్చన్నాను. మలుపు దగ్గర ఎదుటివాడి కళ్లలోకి చూసి ఆగడం ఎవరూ నేర్పలేదు. చాలా ఏళ్ల తర్వాత, ఒక చీకటిపూట బ్రేకు వేయడం ఒక్క క్షణం ఆలస్యమైనప్పుడు, నేనే నేర్చుకున్నాను.

మూల ఖాళీగా ఉంటే

బాన్సువాడ లాంటి ఊరికి ఫ్లైఓవర్లు అక్కర్లేదు. ముందు కావలసింది మూలలు ఖాళీగా ఉండటం. కూడలి దగ్గరా మలుపు దగ్గరా బండి నిలపకూడదని 1989 నుంచీ నియమం ఉంది. అయినా ఎడమ మూలమీదే ఆటోలు, దాని వెనక పండ్ల బండి, దాని పైన ఎవరి పుట్టినరోజుదో ఫ్లెక్సీ. ఎడమకు తిరిగే బైకువాడికి కుడినుంచి ఎవరొస్తున్నారో కనపడదు. కనపడనివాడికి ఎలా దారిస్తాడు? ఆటోవాళ్లను తరిమేస్తే పని కాదు, వాళ్ల పొట్ట కూడా ఆ మూల మీదే ఉంది. యాభై అడుగులు లోపలికి అడ్డా చూపిస్తే వాళ్లే జరుగుతారు. ఫ్లెక్సీకి మాత్రం ఏ పొట్టా లేదు, అది దిగాల్సిందే.

తర్వాత పెయింటు. ప్రతి దారికీ ఒక ఆగే గీత, ఒక జీబ్రా, చిన్న దారి పెద్ద దారిలో కలిసేచోట తలకిందుల త్రికోణం. మలుపు వంపును ఎంత విశాలంగా తీస్తే బండి అంత వేగంగా తిరుగుతుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మూలలు బాగా కొట్టేసి 'సాఫీగా' చేయడం మనకు అభివృద్ధిలా కనిపిస్తుంది. నడిచేవాడికి అదే ముప్పు. మూల కాస్త బిగుతుగా ఉంటే బండి తనంతట తనే నెమ్మదిస్తుంది, పోలీసు నిలబడక్కర్లేదు. కోతల నెలల్లో వడ్ల ట్రాక్టర్లను బడి వదిలే గంటన్నర పాటు ఊరి బయట ఆపడం కూడా చేయదగిన పనే. ట్రాలీ వెనక ఒక ఎర్ర రేడియం స్టిక్కర్, ఒక ఇండికేటర్ బుడ్డి పెట్టించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంకో రోజు అదే చౌరస్తా. బస్సు ఎడమకు తిరగబోతోంది. ఫుట్‌బోర్డు దాకా ఆడవాళ్లు, బడిపిల్లలు. కండక్టర్ ఎప్పటిలాగే "రైట్... రైట్" అన్నాడు. తెలుగునాట ఏ బస్సులోనైనా ఆ మాటకు కుడి అని అర్థం లేదు, హక్కు అనీ లేదు. కదులు అనే. బస్సు ముక్కు మలుపులోకి వంగింది. అప్పుడు ఎడమ మూల నుంచి నెత్తిన గడ్డిమోపుతో ఒక పెద్దావిడ రోడ్డులోకి కాలు పెట్టింది. మోపు వల్ల ఆమెకు బస్సు కనపడదు. కండక్టర్ తలుపులోంచి సగం బయటికి వంగి, బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు.

"హోల్డాన్!"

బస్సు ఆగింది. దాని వెనక బైకు ఆగింది. ఎదురుగా కుడికి తిరగబోతున్న ట్రాక్టర్ కూడా, ఎందుకో తెలియకుండానే, ఆగింది. గడ్డిమోపు మెల్లగా రోడ్డు దాటింది.